ఊరంతా కలిసి ప్రయాణాన్నీ కరెంటునూ మార్చుకోవడం ఎలా: వారం లెక్క నుంచి మరమ్మతు నిధి దాకా

నలుగురు కూర్చుని "మనమూ సోలార్ పెట్టుకుందాం, ఎలక్ట్రిక్ బండ్లకు మారదాం" అనుకోగానే ఎవరో ఒకరు కంపెనీకి ఫోన్ చేస్తారు. రెండు రోజుల్లో కొటేషన్ వస్తుంది. ఇక అక్కడి నుంచి చర్చంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. ఎన్ని ప్యానెళ్లు, ఏ కంపెనీవి, వారంటీ ఎన్నేళ్లు అనే ప్రశ్నలే వస్తాయి. అసలు మనకు ఎంత కావాలి, ఏ వేళ కావాలి, చెడిపోతే ఎవరు చూస్తారు అని అడిగేవాళ్లు ఉండరు. మూడేళ్ల తర్వాత దుమ్ముపట్టి మూలన పడే యంత్రాల్లో చాలావాటి కథ ఇలాగే మొదలవుతుంది.

అందుకే ఈ మార్గదర్శిలో కొనుగోలు చాలా ఆలస్యంగా వస్తుంది. ఒక కాలనీ అయినా, అపార్ట్‌మెంట్ల సముదాయం అయినా, చిన్న ఊరయినా వరస ఇదే.

మొదటి అడుగు: వారం రోజుల లెక్క

రెండు పుస్తకాలు పెట్టండి. ఒకటి కరెంటుకు, ఇంకోటి ప్రయాణాలకు.

కరెంటు లెక్క తేలిక. ప్రతి ఇంటి నుంచీ గత 12 నెలల బిల్లులు తీసుకుని యూనిట్లు రాసుకోండి. నెల మొత్తం ఒక్కటే తెలిస్తే సరిపోదు, రోజులో ఏ వేళ ఎంత వాడుతున్నారో కూడా కావాలి. వారం పాటు ఓ పది ఇళ్లలో ఉదయం 6కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 6కి, రాత్రి 10కి మీటరు రీడింగ్ రాయిస్తే వాడకం తీరు బయటపడుతుంది. వీధిదీపాలు, నీటి పంపు, లిఫ్టు లాంటి ఉమ్మడి వాడకాన్ని విడిగా రాయండి.

ప్రయాణాల లెక్కకు ఓపిక కావాలి. ఇంట్లో ప్రతి మనిషీ వారం పాటు ఎక్కడికి వెళ్లారు, ఎంత దూరం, ఏ బండి మీద, ఎన్ని గంటలకు, బండిలో ఎంతమంది ఉన్నారు అన్నవి రాయాలి. బడికి, పనికి, సరుకులకు, ఆసుపత్రికి వెళ్లినవన్నీ అందులో ఉండాలి. ఇంకో గడి తప్పకుండా పెట్టండి: "వెళ్లాలనుకుని వెళ్లలేకపోయిన చోటు." సొంత బండి లేని పెద్దవాళ్లు, చీకటి పడ్డాక ఒంటరిగా నడవడానికి భయపడే ఆడవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, ఒకరు తీసుకెళితే తప్ప కదలలేని పిల్లలు మామూలు సర్వేలో కనిపించరు. వెళ్లని ప్రయాణాన్ని ఎవరూ లెక్కపెట్టరు కదా. నా దృష్టిలో ఆ గడి నింపకుండా వేసిన రవాణా ప్లాను ఇప్పటికే బండి ఉన్నవాళ్ల కోసం వేసినట్టే.

రెండో అడుగు: రెంటినీ ఒకే పద్దులో రాయడం

చాలాచోట్ల ఇళ్ల కరెంటుకు ఒక కమిటీ, ట్రాఫిక్‌కు ఇంకో కమిటీ వేస్తారు. అలా చేస్తే అసలు సంగతి దాగిపోతుంది. పెట్రోలునూ యూనిట్లలోకి మార్చి చూడండి. ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అది కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. డీజిల్ అయితే 2.7 కిలోల దాకా ఉంటుంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. 200 ఇళ్లు, ఇంటికి రోజుకు 5 యూనిట్లు, అంటే మొత్తం 1,000 యూనిట్లు. అక్కడే 150 స్కూటర్లు రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున, 40 కార్లు 25 కిలోమీటర్ల చొప్పున తిరుగుతున్నాయి అనుకోండి. లీటరుకు స్కూటరు 50, కారు 15 కిలోమీటర్లు ఇస్తే రోజుకు దాదాపు 127 లీటర్ల పెట్రోలు కాలుతుంది. యూనిట్లలో చెప్పాలంటే 1,140కి పైనే. ఇళ్లన్నీ కలిసి వాడే కరెంటు కంటే బండ్లు తాగే శక్తే ఎక్కువ!

ఇప్పుడు అవే బండ్లను ఎలక్ట్రిక్ చేసి చూద్దాం. ఎలక్ట్రిక్ స్కూటరుకు 100 కిలోమీటర్లకు 3 యూనిట్లు, కారుకు 16 యూనిట్లు వేసుకోవచ్చు. ఛార్జింగ్‌లో పోయే పదో వంతు కూడా కలిపితే మొత్తం 280 యూనిట్ల దగ్గర ఆగుతుంది. పెట్రోలు ఇంజిన్‌లో శక్తి చాలావరకు వేడిగా పోతుంది, మోటారులో ఆ నష్టం చాలా తక్కువ. తేడా అంతా అక్కడే ఉంది.

డెన్మార్క్‌లోని సామ్సో దీవి వాళ్లు ఈ పద్దు బాగా రాశారు. దాదాపు 4,000 మంది ఉండే ఆ దీవి 1997లో పునరుత్పాదక శక్తి దీవిగా ఎంపికైంది. కరెంటు కోసం నేల మీద 11 గాలిమరలు నిలబెట్టుకున్నారు. అయినా అప్పట్లో కార్లు, ట్రాక్టర్లు, పడవలు పెట్రోలు, డీజిల్ మీదే నడిచేవి. వాటిని వెంటనే మార్చలేమని ఒప్పుకుని, ఆ ఇంధనానికి బదులుగా సముద్రంలో మరో 10 గాలిమరలు వేశారు. వాటి కరెంటును ప్రధాన భూభాగానికి పంపుతారు. ప్రయాణాల లెక్కను పక్కన పెట్టి "మేం స్వచ్ఛం" అనుకోలేదు. వాళ్లలో నాకు బాగా నచ్చింది ఆ నిజాయితీ.

మూడో అడుగు: అక్కర్లేని ప్రయాణాలు తగ్గించడం

ఎలక్ట్రిక్ బండి కొనేముందు ఆ బండితో పనే లేని ప్రయాణాలు ఎన్ని ఉన్నాయో చూడండి. మీ పుస్తకంలో 3 కిలోమీటర్ల లోపు ప్రయాణాలకు విడిగా గీత గీయండి. సైకిలు మీద మామూలు వేగంతో 3 కిలోమీటర్లకు 12 నిమిషాలు పడుతుంది. అయినా జనం బండి తీస్తున్నారంటే అది బద్ధకం కాకపోవచ్చు. ఎక్కడో రోడ్డు దాటడానికి భయం, ఎక్కడో నీడ లేదు, ఎక్కడో కాలిబాట మధ్యలో తెగిపోయింది. ఆ దారులన్నీ నడిచి చూసి, ఆగిపోయిన ప్రతి చోటా మ్యాపు మీద చుక్క పెట్టండి. పది చుక్కల్లో నాలుగైదు సున్నం గీతలతో, ఓ స్పీడ్ బ్రేకరుతో, రెండు దీపాలతో సరిపోయేవే ఉంటాయి.

బండ్ల వేగం తగ్గించడం చవకైన పనుల్లో ఒకటి. గంటకు 50 కిలోమీటర్లతో వెళ్లే బండి గుద్దినప్పుడు ఉండే శక్తి 30తో వెళ్లే బండి కంటే దాదాపు 2.8 రెట్లు. ఇళ్ల మధ్య వీధుల్లో 30 దాటకుండా చేయగలిగితే పిల్లలు సైకిళ్లు బయటికి తీస్తారు. బోర్డు ఒక్కటే పెడితే ఎవరూ ఆగరు. వీధిని మలుపులో ఇరుకు చేయడం, దాటే చోట రోడ్డును కాలిబాట ఎత్తుకు లేపడం లాంటివే పనిచేస్తాయి.

ఇలా చేసినవాళ్లు ఉన్నారు. స్పెయిన్‌లోని పొంటేవేద్రా 1999 నుంచి నగరం నడిబొడ్డును పాదచారులకు వదిలేసింది. ఏ చోటు నుంచి ఏ చోటికి నడిస్తే ఎన్ని నిమిషాలో మెట్రో రైలు మ్యాపులాగా గీసి పంచింది. అలాంటి మ్యాపు ఒక్క సాయంత్రంలో మీరూ గీయొచ్చు. "అంత దూరమా" అనుకునేది ఏడు నిమిషాలే అని కాగితం మీద కనిపిస్తే మనసు మారుతుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్ 1977లో ఇంకో దారి పట్టింది. నగర కేంద్రాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కార్లు నేరుగా వెళ్లకుండా ఆపింది. కారు చుట్టు తిరిగి వెళ్లాలి, సైకిలు సూటిగా వెళ్లిపోతుంది. ఇంత పెద్ద మార్పుకు ధైర్యం చాలకపోతే వారానికి ఒక్కరోజుతో మొదలుపెట్టండి. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాల్లో పెద్ద రోడ్లను కొన్ని గంటలపాటు నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేస్తున్నారు. ఇప్పుడది 120 కిలోమీటర్లు దాటింది.

బడి పిల్లల కోసం "నడిచే బస్సు" పెట్టండి. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక దారి, ఫలానా మలుపు దగ్గర ఫలానా టైముకు పిల్లలు కలుస్తారు, అందరూ గుంపుగా బడికి నడుస్తారు. దీనికి డబ్బు అక్కర్లేదు. పొద్దున్నే బడి గేటు ముందు బండ్ల రద్దీ, తల్లిదండ్రుల టెన్షన్ రెండూ తగ్గుతాయి.

నాలుగో అడుగు: బస్సు, పంచుకునే బండి, ఆ తర్వాతే సొంత బండి

దూర ప్రయాణాల్లో ఒకే వైపు, ఒకే వేళకు వెళ్లేవి ఎన్ని ఉన్నాయో మీ పుస్తకం చెబుతుంది. పొద్దున 8 నుంచి 9 మధ్య ఒకే దిక్కుకు 40 మంది వెళుతున్నారంటే బస్సు కోసం అర్జీ పెట్టుకోవడానికి అది గట్టి కాగితం. "మాకు బస్సు కావాలి" అనే అర్జీ కంటే "ఈ వేళకు, ఈ దిక్కుకు, ఇంతమందిమి" అనే అర్జీకి బలం ఎక్కువ. అధికారులు ఒప్పుకోకపోతే బస్టాండు దాకా ఉమ్మడిగా ఒక చిన్న ఎలక్ట్రిక్ వాహనం తిప్పుకోవచ్చు. బస్సులు కరెంటుతో నడుస్తాయా అని ఇంకా అనుమానపడేవాళ్లకు చైనాలోని షెన్‌జెన్ చూపించండి. 2017 చివరికే అక్కడి 16,000కు పైగా సిటీ బస్సులన్నీ ఎలక్ట్రిక్ అయిపోయాయి.

కార్లు రోజులో ఎక్కువసేపు నిలబడే ఉంటాయి. పది ఇళ్లు కలిసి రెండు కార్లు ఉంచుకుని వంతులవారీగా వాడుకోవడం కొత్త ఆలోచన కాదు. స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో 1948లోనే ఒక సహకార సంఘం ఈ పని చేసింది. రాతపూర్వకంగా నాలుగు నియమాలు చాలు: ముందే బుక్ చేయాలి, తిరిగిచ్చేటప్పుడు ఛార్జింగ్‌కు పెట్టాలి, గీత పడితే ఆ రోజే చెప్పాలి, అత్యవసర వైద్యానికి ఎవరైనా ఎప్పుడైనా తీసుకోవచ్చు.

ఐదో అడుగు: మీ చోటుకు తగిన శక్తి

సూర్యుడు, గాలి, నీరు, పేడ. నాలుగింటినీ ఒకే చోట పెట్టాలని ఉబలాటపడొద్దు. ఒకటి బాగా పెట్టి, అవసరమైతే రెండోది చేర్చండి.

ఎండ బాగా ఉండే ప్రాంతంలో ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇస్తుంది. దానికి పది చదరపు మీటర్ల దాకా చోటు కావాలి. ఆ 4 యూనిట్లతో రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే స్కూటర్లు ఐదింటిని నడపొచ్చు. చోటు చూసేటప్పుడు నీడను జాగ్రత్తగా గమనించండి. వాటర్ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా, వరసగా కలిపిన మిగతా ప్యానెళ్ల ఉత్పత్తి కూడా తగ్గొచ్చు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం డాబా ఫొటోలు తీయండి. వీలుంటే ఎండాకాలంలోనూ చలికాలంలోనూ తీయండి, సూర్యుడి దారి మారుతుంది కాబట్టి. ప్యానెల్‌కు వెలుతురు కావాలి గానీ వేడి వద్దు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. అందుకే కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించాలి.

చాలామంది పెట్టుకున్నాక తెలుసుకుని బాధపడే సంగతి ఒకటుంది. గ్రిడ్‌కు, అంటే విద్యుత్ సంస్థ లైన్లకు, కలిపిన మామూలు సోలార్, బయట కరెంటు పోతే మండుటెండలో కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా, ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరే తనంతట తాను ఆగేలా తయారు చేస్తారు. కరెంటు పోయినప్పుడు కూడా దీపాలు వెలగాలంటే బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ కావాలని మొదటే చెప్పండి.

గాలి విషయంలో తొందర వద్దు. గాలి వేగం రెట్టింపయితే శక్తి 8 రెట్లవుతుంది. వేగం సగమైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. "మా దగ్గర గాలి బాగానే వీస్తుంది" అన్న మాట నమ్మి ఎవరూ గాలిమర కొనకూడదు. మర పెట్టబోయే ఎత్తులోనే కొలిచే పరికరం పెట్టి ఏడాది పాటు లెక్క రాయాలి. ఇళ్ల కప్పుల మీద పెట్టే చిన్న మరలు చాలావరకు నిరాశే మిగులుస్తాయి, భవనాల మధ్య గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి. నన్నడిగితే వాటి జోలికి పోవద్దంటాను.

ఏడాదంతా పారే వాగు ఉంటే మాత్రం అదృష్టమే. సెకనుకు 50 లీటర్ల నీరు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, నష్టాలు పోను 3 కిలోవాట్ల దాకా వస్తుంది. చిన్నదిగా కనిపించినా అది రాత్రీ పగలూ ఆగదు, రోజుకు 70 యూనిట్లు. సోలార్‌తో అంత రావాలంటే 17 కిలోవాట్లు కావాలి. ఎండాకాలంలో నీరు ఎంత తగ్గుతుందో కొలిచాకే నిర్ణయించండి.

పశువులున్న చోట గోబర్ గ్యాస్ వంటకు పనికొస్తుంది. 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది, అది దాదాపు 450 గ్రాముల ఎల్పీజీతో సమానం. రోజూ పేడా నీళ్లూ కలిపి పోసే మనిషి ఎవరో తేలకపోతే మొదలుపెట్టొద్దు.

ఆరో అడుగు: పగటి కరెంటునూ రాత్రి అవసరాన్నీ కలపడం

ప్లాను నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. సోలార్ మధ్యాహ్నం దండిగా ఇస్తుంది, ఇళ్లలో వాడకం సాయంత్రం పెరుగుతుంది. బండ్లేమో పగలు ఊరి బయట ఉండి చీకటి పడ్డాక ఇంటికి చేరతాయి. అందరూ 7 గంటలకు ప్లగ్ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది.

బ్యాటరీ కొనకముందు వాడకం వేళలు మార్చండి. నీటి పంపును మధ్యాహ్నం నడపండి. 200 ఇళ్లకు రోజూ లక్ష లీటర్లు 80 మీటర్ల ఎత్తుకు తోడాలంటే 50 యూనిట్ల దాకా పడుతుంది. నీరు ఎక్కిన ట్యాంకే మీ బ్యాటరీ, అది ఏళ్ల తరబడి అరగదు. పిండిమర, కోల్డ్ స్టోరేజీ లాంటివి ఉంటే అవీ పగటికే. ఛార్జింగ్ పాయింట్లను ఇళ్ల దగ్గర మాత్రమే కాకుండా పగలు బండ్లు నిలిచే చోట, అంటే బడి, ఆఫీసు, మార్కెట్ దగ్గర పెట్టించండి.

ఇళ్ల దగ్గర ఫాస్ట్ ఛార్జర్లు చాలావరకు అనవసరం. 3.3 కిలోవాట్ల మామూలు పాయింటు 8 గంటల్లో 26 యూనిట్లు ఇస్తుంది. రోజుకు 25 కిలోమీటర్లు తిరిగే కారుకు కావాల్సింది నాలుగైదు యూనిట్లే. వంతులు పాటిస్తే ఒక పాయింటు ఐదు కార్లకు చాలు. ఛార్జింగ్ చోటు మెట్ల కింద, బయటికి వెళ్లే దారిలో ఉండకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే తప్పించుకునే దారే మూసుకుపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులు వాడొద్దు, సరైన ఎర్తింగ్, ప్రతి పాయింటుకూ విడిగా బ్రేకరు ఉండాలి. ఉబ్బిన, కిందపడిన, నీళ్లలో మునిగిన బ్యాటరీని అసలు ప్లగ్‌కు పెట్టొద్దు. ఈ విషయంలో మొహమాటానికి పోకండి, ప్రాణాలతో పని.

గ్రిడ్ లేని చోటైతే స్కాట్లండ్‌లోని ఈగ్ దీవిని చూడాలి. సుమారు వంద మంది ఉండే ఆ దీవిలో నీరు, గాలి, సూర్యుడితో నడిచే సొంత విద్యుత్ వ్యవస్థ 2008లో మొదలైంది. ఒక ఇల్లు ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు, వ్యాపారాలకు 10. అందరికీ ఒకే హద్దు. మిగిలిన కరెంటుతో ఊరి ఉమ్మడి భవనాలను వెచ్చబరుస్తారు. హద్దు ముందే పెట్టుకున్నారు కాబట్టి యంత్రాలు చిన్నవిగానే సరిపోయాయి.

ఏడో అడుగు: ఎవరిది?

ఇది తేలాకే సంతకాలు. సామ్సోలో నేల మీది గాలిమరల్లో ఎక్కువ అక్కడి రైతులవే, కొన్నిటిలో మామూలు జనం చిన్న చిన్న వాటాలు కొన్నారు. జర్మనీలోని షోనావులో 1986 చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత కదిలిన తల్లిదండ్రులు, ఇరుగుపొరుగువాళ్లు ఏళ్లపాటు పోరాడి 1997లో తమ ఊరి కరెంటు లైన్లను సొంతం చేసుకున్నారు. తన వాటా ఉన్న యంత్రం ఆగితే మనిషి ఊరుకోడు. ఉచితంగా వచ్చిన యంత్రం ఆగితే, ఇచ్చినవాళ్లే వచ్చి బాగుచేస్తారని ఎదురుచూస్తారు.

వాటా తక్కువలో తక్కువగా పెట్టండి, డబ్బు లేనివాళ్లు పని రూపంలో ఇచ్చే వీలుండాలి. ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకే ఓటు. డాబా లేని అద్దె ఇళ్లవాళ్లకూ ఉమ్మడి సోలార్‌లో చోటు కల్పించండి. నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటును లైనుకు ఇచ్చి బిల్లులో తగ్గించుకోవడం) నియమాలు, అనుమతులు మీ విద్యుత్ సంస్థను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఎనిమిదో అడుగు: చిన్నగా మొదలుపెట్టి, చెడిపోయేదానికి ముందే సిద్ధపడటం

మొదటి ఏడాది ఒక భవనం మీద సోలార్, నీటి పంపు, ఐదారు ఛార్జింగ్ పాయింట్లు, ఒక భద్రమైన సైకిలు దారి. అంతే. ఈ చిన్న పనిలోనే తప్పులన్నీ బయటపడనివ్వండి.

ప్యానెళ్లు 25 ఏళ్లు పనిచేస్తాయి, ఉత్పత్తి ఏటా అర శాతం చొప్పున తగ్గుతుంది. ఇన్వర్టర్‌ను మాత్రం 10 నుంచి 15 ఏళ్లలో ఒకసారి మార్చాల్సి వస్తుంది. సీసం బ్యాటరీలు కొన్ని ఏళ్లకే అయిపోతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కొన్ని వేల సార్లు ఛార్జి అవుతుంది. ఈ మార్పిడి ఖర్చును నెలలతో భాగించి, మొదటి నెల నుంచే వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాలోంచి పండుగకో పందిరికో అప్పు తీయకూడదని తీర్మానం రాసుకోండి.

ఇద్దరికి పని నేర్పించండి, ఒక్కరికి కాదు. ఆ ఒక్కరూ ఊరు విడిచి వెళితే అంతా ఆగిపోతుంది. ఇద్దరిలో ఒకరు అమ్మాయి అయితే పగలు ఇళ్లలోకి వెళ్లి మరమ్మతు చేయడం ఇంకా తేలికవుతుంది. వాళ్లకు జీతం ఇవ్వండి, సేవ పేరుతో ఊరికే చేయించుకోకండి. ప్యానెళ్లను ఉదయం చల్లగా ఉన్నప్పుడే మెత్తటి గుడ్డతో, మామూలు నీళ్లతో కడగాలి. మధ్యాహ్నం వేడెక్కిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకూడదు.

మీటరు దగ్గర ఒక నోట్‌బుక్ దారంతో కట్టి పెట్టండి. రోజూ ఒకే టైముకు ఎన్ని యూనిట్లు వచ్చాయో, ఎన్ని ఖర్చయ్యాయో, ఏదైనా శబ్దమో వాసనో తేడాగా అనిపించిందో రాయాలి. ఎండ బాగా ఉన్నా వరసగా నాలుగు రోజులు ఉత్పత్తి తగ్గితే మెకానిక్‌ను పిలవాలి. ఏడాది తిరిగాక, మొదటిసారి లెక్క తీసిన అదే నెలలో అదే వారం ప్రయాణాల పుస్తకం మళ్లీ ఇంటింటికీ పంపండి. ముందుగా "వెళ్లలేకపోయిన చోటు" గడి తెరిచి, పాత పేజీతో పక్కపక్కన పెట్టి చదవండి. రెండో ఏడాది ఏం చేయాలో అక్కడి నుంచే రాసుకోండి.